ఎల్లూరు ఆగితే గుడిపల్లిగట్టు ఏం చేస్తుంది?

కల్వకుర్తి ఎత్తిపోతలలో శ్రీశైలం నీళ్లు మూడు మెట్లు ఎక్కాలి. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు, తర్వాత జొన్నలబొగుడ, ఆపైన గుడిపల్లిగట్టు. ఒక్కోచోట అయిదేసి పంపులు. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌస్ నీట మునిగింది. పైరెండూ మునగలేదు, అయినా ఏం లాభం? కిందినుంచి నీళ్లు రానిదే అవి ఎత్తేదేమిటి? నాగర్‌కర్నూల్, వనపర్తి రైతుకు ఎన్ని నీళ్లో తేల్చేది మొత్తం పదిహేను పంపులు కాదు, అన్నిటికన్నా తక్కువ ఎత్తే మెట్టు.

గ్రూప్స్‌కు చదివే కుర్రాణ్ణి చూడండి. పుస్తకం మీద పుస్తకం కొంటాడు, మళ్లీ కోచింగ్‌లో చేరతాడు. మార్కులు పోయేది మాత్రం రాతలో. చదివింది మూడు గంటల్లో కాగితం మీద పెట్టలేడు. ఇంకో రెండు గంటలు చదివితే గుడిపల్లిగట్టులో ఆరో పంపు బిగించినట్టే. ఇక దుకాణం యజమాని. నలుగురిని పనిలో పెట్టుకుంటాడు, ప్రతి బిల్లూ తానే చూడాలంటాడు. జీతాలు నలుగురికి, వేగం ఒక్కడిది. ఇలాంటివారికి చెప్పడం మహా కష్టం, అడ్డు తామేనంటే కోపమొస్తుంది.

ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఇజ్రాయెల్ భౌతిక శాస్త్రవేత్త 1984లో ‘ది గోల్’ అనే నవలలో ఫ్యాక్టరీ కథగా చెప్పింది ఇదే. ఇరుకైన యంత్రాన్ని వదిలేసి మిగతావాటిని ఎంత ఉరికించినా సరుకు గుట్టలు పడుతుంది గానీ గేటు దాటదు. ఆ గుట్టే మీకు ఆనవాలు. మీ దగ్గర పని ఎక్కడ పేరుకుంటోంది? దాని తర్వాతి అడుగే ఇరుకు. ఈ వారం బాగుచేయాల్సింది అదొక్కటే, మిగతావి ఆగనివ్వండి.

ఇరుకు మన చేతిలో లేకపోతే? గద్వాల జిల్లావాళ్లను అడగండి. రాజోలిబండ ఆనకట్ట, కాలువ పైభాగం కర్ణాటకలో ఉన్నాయి. ఈ రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కింద తెలంగాణ ఆయకట్టు కాగితం మీద 87,500 ఎకరాలు. పూడిక, మరమ్మతుల సంగతి రాష్ట్రాల మధ్య ఏళ్ల తరబడి నలిగింది, అలంపూర్ వైపు చివరి పొలాలు ఎండాయి. చివరికి తుమ్మిళ్ల దగ్గర తుంగభద్ర నుంచే నీళ్లు ఎత్తి దిగువ కాలువలో కలిపారు. పైన పేచీ పైనే ఉంది.

పై అధికారి సంతకం రాక ఫైలు ఆగిందా? ఆయన్ని మార్చలేరు. ఆ సంతకం అక్కర్లేని భాగాన్ని విడదీసి ముందు కానివ్వండి. అయితే కాలువలో నీళ్లు వాటంతటవే పారతాయి, ఎత్తిపోతలకు కరెంటు బిల్లు వస్తుంది. మీ పక్కదారి ఖర్చెంతో దిగేముందే లెక్క వేసుకోండి.