శతాబ్దపు తుపాను: మార్చిలో మంచు బీభత్సం

శీతకాలం ముగుస్తున్న వేళ వచ్చే మంచు తుపానులకు ప్రధాన ఉదాహరణ 1993 మార్చి 12–14 మధ్య అమెరికా తూర్పు ప్రాంతాన్ని అతలాకుతలం చేసిన ‘శతాబ్దపు తుపాను’. భూగోళశాస్త్రం, విపత్తు నిర్వహణ రెండింటికీ ఉపయోగపడే అంశమిది.

ముఖ్యాంశాలు
• పుట్టిన చోటు: మెక్సికో సింధుశాఖ
• రకం: సమశీతోష్ణ చక్రవాతం. ధ్రువ ప్రాంతపు చల్లని గాలి, సముద్రపు వెచ్చని తేమ గాలి కలిసినచోట బలపడింది.
• కేంద్ర పీడనం: సుమారు 960 మిల్లీబార్లు
• ప్రభావం: క్యూబా నుంచి కెనడా వరకు. ఫ్లోరిడాలో టోర్నడోలు, ఉప్పెన.
• హిమపాతం: టెనెసీలోని మౌంట్ లెకాంట్‌లో 56 అంగుళాలు
• విద్యుత్ అంతరాయం: సుమారు కోటి మంది వినియోగదారులకు

కరెంటు ఎందుకు పోతుంది?
ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉన్నప్పుడు కురిసే మంచులో నీటి శాతం ఎక్కువ. అది తీగలకు, కొమ్మలకు అంటుకుని బరువెక్కుతుంది. దానికి ఈదురుగాలి తోడైతే చెట్లు విరిగి తీగలపై పడతాయి, స్తంభాలు కూలుతాయి.

గుర్తుంచుకోండి
• బ్లిజార్డ్ (తీవ్ర మంచు తుపాను): అమెరికా ప్రమాణాల ప్రకారం గంటకు 35 మైళ్లకు తగ్గని గాలి, పావు మైలు లోపు దృశ్యగోచరత కనీసం 3 గంటలు కొనసాగాలి.
• భారత్‌లో: హిమాలయాల్లో శీతకాలపు హిమపాతానికి ప్రధాన కారణం పశ్చిమ అలజడులు. ఇవీ సమశీతోష్ణ చక్రవాతాలే.

మాదిరి ప్రశ్న
1993 నాటి ‘శతాబ్దపు తుపాను’ ఎక్కడ పుట్టింది?
1) కరీబియన్ సముద్రం 2) మెక్సికో సింధుశాఖ 3) హడ్సన్ అఖాతం 4) బేరింగ్ సముద్రం
జవాబు: 2