వరద సాయంలో కార్పొరేట్ దాతృత్వం: మూసీ నుంచి సెక్షన్ 135 వరకు

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినప్పుడు సహాయం ప్రధానంగా ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దయగా అందింది.

నేడు కంపెనీల దానం చట్టబద్ధ బాధ్యత కూడా. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు అనే పరిమితుల్లో ఏ ఒక్కటి చేరినా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత, అంటే సీఎస్ఆర్ కింద ఖర్చు చేయాలి. విపత్తు సహాయ, పునరావాసాలు 2019లో ఏడవ షెడ్యూలులో చేరాయి. చాలామంది తరచూ తడబడే అంశం ఒకటుంది: 2020 ఏప్రిల్ నాటి కేంద్ర వివరణ ప్రకారం ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చిన విరాళం సీఎస్ఆర్‌గా చెల్లదు, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇచ్చినది చెల్లుతుంది.

2020 అక్టోబరు వరదల తర్వాత జంటనగరాల ప్రజల ఆగ్రహం మాత్రం కంపెనీల చెక్కులకన్నా ప్రభుత్వం ప్రకటించిన 10,000 రూపాయల పంపిణీపైనే ఎక్కువగా వ్యక్తమైంది. మీ సేవా కేంద్రాల ముందు వరుసలు పెరిగాయి, నవంబరులో పురపాలక ఎన్నికల కారణంగా ఎన్నికల సంఘం ఆ పంపిణీని నిలిపివేసింది.