కాపీ ఫైళ్ళ సంపాదన ధర్మసమ్మతమేనా?

గిద్దలూరులో సెల్‌ఫోన్ దుకాణం నడిపే ఒక యువకుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. అతను మెమరీ కార్డుల్లో బయాన్లు, నాత్‌లతో పాటు కొత్త సినిమాలు కూడా ఎక్కించి డబ్బు తీసుకుంటాడు. “అసలు ఫైలు యజమాని దగ్గరే ఉంది. నేను ఎవరి వస్తువూ ఎత్తుకుపోలేదు. మరి ఇది హరామ్ ఎలా అవుతుంది?” అన్నది అతని సందేహం. మార్కాపురం, కంభం వైపు ఇళ్ళలోనూ ఈ మాట వింటున్నాం.

ముందు ప్రభుత్వం సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం ఉండగానే, 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించి దొంగతనంగా సినిమా రికార్డు చేసేవారికి 3 నెలల నుండి 3 సంవత్సరాల జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా నిర్ణయించారు. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ‘ఐబొమ్మ’ నిర్వాహకుడంటూ ఒకరిని అరెస్టు చేశారు. పేదవాడికి ఉచితంగా సినిమా చూపించాడని అప్పుడు చాలామంది అతన్ని వెనకేసుకొచ్చారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు! కాని బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ద్వారా అతనికి ఆదాయం వచ్చేదని, లక్షలాది వినియోగదారుల వివరాలు అతని వద్ద ఉన్నాయని పోలీసులు చెప్పారు. జూదాన్ని దివ్య ఖుర్ఆన్ మద్యంతో పాటే నిషేధించిందని (అల్ మాయిద: 90) మనకు తెలుసు.

ఇక అసలు ప్రశ్న. పలకల పనిలో కూలివాడు రోజంతా రాయి కోసి ఇస్తాడు. సాయంత్రం యజమాని, “నీ చేతులు నీ దగ్గరే ఉన్నాయి కదా, నీకేం తగ్గింది?” అంటే మనం ఒప్పుకుంటామా? పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసులో ఉంది. ఫైలు విషయంలోనూ పోయేది వస్తువు కాదు, శ్రమ ఫలం.

రచనా హక్కు అమ్ముకోదగిన ఆస్తి కాదని పూర్వం కొందరు ఉలమాలు భావించిన మాట నిజమే. అప్పటికి ఈ వ్యాపారం ఇంతగా పెరగలేదు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ మాత్రం గ్రంథకర్తల, ఆవిష్కర్తల హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ గలవని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినరాదన్న ఆజ్ఞ (అల్ బఖర: 188) దీనికీ వర్తిస్తుంది.

“సినిమాయే మంచిది కాదు, దానికి హక్కేమిటి?” అని కొందరు వాదిస్తారు. మంచిది కానిదైతే చూడకుండా ఉండాలి గాని, ఉచితంగా చూడటానికి అదొక సాకా?

ధార్మిక పుస్తకాల పీడీఎఫ్‌ల విషయంలో మనం మరీ అశ్రద్ధగా ఉన్నాం. ప్రచురణకర్త ఉచితంగా పంచమని అనుమతిస్తే ఎంతమందికైనా పంపవచ్చు, అది పుణ్యకార్యం. అనుమతి లేనప్పుడు, ‘దీన్ పని’ అనే పేరుతో వెయ్యి ఫోన్లకు పంపితే ఆ పుస్తకం మళ్ళీ అచ్చు కాకపోవచ్చు. తెలుగులో మన పుస్తకాలు అమ్ముడయ్యేదే కొద్ది!

ఆ యువకుడికి మేము చెప్పింది ఇది: అనుమతి ఉన్న బయాన్లు ఎక్కించి శ్రమకు రుసుము తీసుకోవచ్చు. సినిమాల కాపీలు ఆపి తౌబా చేసుకోవాలి. వాటి మీద వచ్చిన డబ్బును, హక్కుదారు తెలిస్తే అతనికి చేర్చాలి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి. ఎంత వచ్చిందో లెక్క లేదన్నాడు. తక్కువ కాకుండా అంచనా వేసుకొని, నెలకు కొంతగా ఇవ్వమన్నాం.