మొదటి పది కిలోమీటర్ల సిగ్గు

మారథాన్‌కి ముందు చేసే లాంగ్ రన్‌లో కష్టమంతా చివర్లోనే ఉంటుందని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, కిందటేడు సెప్టెంబరులో విశాఖ బీచ్ రోడ్డులో, తెన్నేటి పార్కు దాపుల ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. 28 కిలోమీటర్లు చెయ్యాల్సిన రోజు, 23 దగ్గర. చెమట ఆరిపోయి చెంపల మీద ఉప్పు చారలు కట్టింది. చెయ్యెత్తితే ఆగిన ఆటో అతను నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, కుక్కలేమైనా తరిమాయేటి?" అన్నాడు.

కుక్కలు కాదు, గొప్పలు. ఆర్కే బీచ్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నన్ను దాటి పోయారు. ఊరుకోలేక వాళ్ళ వెనకే పది కిలోమీటర్లు పోయాను. భలే పరిగెత్తానని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం ఖరీదు 23 దగ్గర తెలిసింది.

అందుకే చెబుతున్నాను: లాంగ్ రన్ ఎలా ముగుస్తుందో మొదటి పది కిలోమీటర్లలోనే తేలిపోతుంది. అక్కడ కావలసింది బలం కాదు, సిగ్గు విడిచిపెట్టడం.

లెక్క చూడండి. మారథాన్ 42.195 కిలోమీటర్లు. దాన్ని నాలుగున్నర గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. లాంగ్ రన్‌లో ఆ వేగం కూడా వద్దు. నేను పెట్టుకున్నది 7:15. పక్కనున్నవాళ్ళతో ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి, అంతే. ఒంట్లో పిండిపదార్థాల నిల్వ కాలేయంలో, కండరాల్లో ఉంటుంది. చాలామందికి అది 30 కిలోమీటర్ల దాపుల్లో అడుగంటుతుంది. పరుగెత్తేవాళ్ళు 'గోడ' అని భయపడేది దీనికే. మొదట్లో ఎంత దూకుడుగా పోతే ఈ నిల్వ అంత త్వరగా కరిగిపోతుంది. నెమ్మదిగా పోతే కొవ్వు కూడా తన వంతు మోస్తుంది.

ఈ లెక్క తెలిసినంత మాత్రాన సిగ్గు పోదు. రెండోసారి, అక్టోబరులో, 30 కిలోమీటర్లకి బయల్దేరాను. తెల్లవారుజామున నాలుగుంపావు. ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి దాటగానే, రోజూ వాకింగ్‌లో కనిపించే పెద్దాయన ఒకరు నా పక్కకి వచ్చారు. ఆయనది నడకే. అయినా కాసేపు నాతో సమానంగానే వచ్చి, జాలిగా, "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?" అన్నారు. "బాగానే ఉందండీ" అన్నాను. ఒళ్ళు మండింది. కాళ్ళు వాటంతటవే వేగం పెంచబోయాయి. ఆ ఒక్క నిమిషం ఆపుకోవడమే ఆ రోజు నేను చేసిన అసలు కసరత్తు. ఆఫీసులో పక్కవాడికి ప్రమోషన్ వచ్చినప్పుడు, తోడల్లుడు కారు కొన్నప్పుడు మనలో లేచేది కూడా ఇదే చురుకు. బీచ్ రోడ్డు మీద దాన్ని పట్టుకోవడం కొంచెం సులువు, చేతికి గడియారం ఉంటుంది కాబట్టి.

దారి విషయం. ఇంటి చుట్టూ చుట్లు కొట్టకండి. అయిదో చుట్టులో ఇల్లు పిలుస్తుంది. పోయి వచ్చే దారి ఎంచుకోండి. నేను తొట్లకొండ వైపు పోయి, గడియారం 15 చూపించిన చోట వెనక్కి తిరిగాను. ఇక అక్కణ్ణుంచి ప్రతి అడుగూ ఇంటివైపే. జేబులో ఆటోకి డబ్బులు మాత్రం ఉంచుకోండి. అవి ఉన్నాయన్న ధైర్యంతోనే చాలాసార్లు వాటి అవసరం రాదు.

తిండి సంగతి కూడా ఆ రోజే తేల్చుకోవాలి. పల్లీ చిక్కీ మంచి శక్తి అని ఎవరో చెబితే 12వ కిలోమీటరులో నోట్లో వేసుకున్నాను. ఎండిపోయిన గొంతులో అది ముక్కలు ముక్కలై, దగ్గు తెరలో రెండు నిమిషాలు పోయాయి. ఖర్జూరాలు మాత్రం గింజ తీసి పెట్టుకుంటే హాయిగా దిగాయి. ముప్పావుగంటకోసారి రెండు, గుక్కెడు ఓఆర్ఎస్ నీళ్ళు. వట్టి నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది, జాగ్రత్త. రాసుకునే తొడలకి వాజలీన్, పాత బూట్లు, ముందురోజు రాత్రి పెరుగన్నం. కొత్తవేవీ పోటీ రోజుకి దాచుకోవద్దు.

24 దాటాక బేరాలు మొదలవుతాయి. "ఈ వారం నిద్ర చాల్లేదు", "25 కూడా తక్కువేం కాదు", "ఎండెక్కింది". అన్నీ నిజాలే, అందుకే ప్రమాదం. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: ఎందుకు ఆగుతారో ముందురోజే కాగితం మీద రాసుకోవడం. నా చీటీలో నాలుగున్నాయి. ఒకే చోట పోటు పొడిచి నడక మారిపోవడం, గుండెలో బిగింపు, తల తిరగడం, ఎండలో చలి పుట్టడం. వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే ఆగాలి, ఆటో ఎక్కాలి, నామోషీ పడక్కర్లేదు. ఆ చీటీలో లేనిదానికి ఆగేది లేదు. రెండు కాళ్ళూ సమానంగా లాగుతున్నాయా? అది అలసట, రానివ్వండి. కైలాసగిరి కింద ఎత్తు ఎక్కుతూ ఆ నాలుగూ వరసగా అడిగి చూసుకున్నాను. ఒక్కటీ లేదు. ఇంకేం చేస్తాం, పరిగెత్తాం.

మరి 30 దగ్గరే ఆపేసి, 42 ముందుగా ఒక్కసారైనా పరిగెత్తకుండా ఎలా అంటారేమో. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఎమిల్ జాటోపెక్ 5,000, 10,000 మీటర్ల స్వర్ణాలు గెలిచి, మారథాన్ కూడా గెలిచాడు. జీవితంలో అతను పరిగెత్తిన మొదటి మారథాన్ అదే. ఈ కథ చెప్పి సాధన అక్కర్లేదనేవాళ్ళున్నారు. అతని వెనక ఏళ్ళ తరబడి ఒళ్ళు హూనం చేసుకున్న సాధన ఉంది. మనకు పనికొచ్చేది వేరే: ఆ దూరాన్ని కాళ్ళు ముందే చూసి ఉండనక్కర్లేదు. నెలల తరబడి చేసిన పరుగులన్నీ కలిసే మిగతా పన్నెండూ మోస్తాయి. నెమ్మదిగా పోయేవాళ్ళయితే కిలోమీటర్లు కాక గంటలు చూసుకోండి. మూడున్నర, మహా అయితే కొంచెం పైన. అంతకుమించి లాగితే లాభం కన్నా దెబ్బలే ఎక్కువ. పోటీకి మూడు వారాల ముందు ఈ లాంగ్ రన్ ముగించి, ఆ తర్వాత దూరం తగ్గించుకుంటూ రావాలి.

ఎనిమిది కావస్తుండగా కురుసుర ముందు గడియారం 30 చూపించింది. కాళ్ళలో ఇంకా కొంచెం ఉంది. "ఇంకో రెండు?" అంది మనసు. ఆగిపోయాను. కొబ్బరిబోండాల బండి దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉంటే, పొద్దుటి పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కూరల సంచితో వచ్చారు. టిఫిను కూడా అయిపోయినట్టుంది. నన్ను చూసి ఆగి, మళ్ళీ అదే జాలితో అన్నారు:

"ఇంకా ఇక్కడే ఉన్నావా బాబూ?"