ద్రాక్షతీగ కన్ను: వేసవి కత్తిరింపును గూర్చి లాలాపేట్ పరిసర కృషీవలులకు

ద్రాక్షతోట గల రైతు, కాపు తగ్గిన యేట మొట్టమొదట నిందించునది ఆశ్వయుజమాసపు కత్తిరింపును. కత్తెర పట్టిన కూలివాడు తీగను ఎక్కువగా కోసెననియో, మందు సరిగా పడలేదనియో చెప్పుకొనుట వాడుక. అక్టోబరు కత్తిరింపునకు తరువాత చిగుళ్లలో గుత్తులు కానరాకపోవుట నిజమే. కాని ఆ లోపము ఆ నెలలో పుట్టినది కాదు. అంతకు నాలుగైదు నెలల ముందు, ఎండలు మండుచు బావినీరు అడుగంటిన దినములలో, లేతచిగుళ్ల కణుపుల యందలి కన్నులలోనే ఆ యేటి కాపు నిర్ణయమైపోయినది. ఈ కరపత్రమున ముఖ్యముగా చెప్పదలచినది ఈ యొక్క సంగతియే.

లాలాపేట్, నాచారము, ఉప్పల్ ప్రాంతముల నేల చాలవఱకు ఎఱ్ఱచెల్క. కొంతలోతున గ్రానైటు రాయి తగులును. నీరు నిలువని యిట్టి నేల ద్రాక్షవేళ్లకు హితమైనది. ఉప్పల్ భగాయత్ అను పేరు నేటికిని నిలిచియున్నది; బాగాయత్ అనగా తోటభూమి. ఇప్పుడా తోటభూములలో ఇండ్లస్థలముల రాళ్లు పాతబడినవి. లాలాపేట్ నందును ఎకరముల లెక్కన పందిరి వేయుటకు చోటు లేదు. అయినను ఇంటిముంగిట ఒక తీగనో మిద్దెపై ఒక పందిరినో పెంచువారును, ఇచట కాపురముండి నగరము వెలుపల తోట సాగుచేయువారును ఈ సంగతి నెఱుంగుట లాభకరము. ఒక్క తీగకైనను, నూఱు తీగలకైనను ధర్మ మొక్కటే.

లాలాపేట్ ప్రక్కననే యున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. హైదరాబాదు సంస్థాన కాలముననే, 1946లో, వ్యవసాయ కళాశాల నెలకొల్పబడినది. 1964లో రాజేంద్రనగరమున ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడగా ఆ కళాశాల అందు చేరినది. 2014లో తెలంగాణ రాష్ట్రము వచ్చిన పిదప తోటపంటలకు వేఱుగా శ్రీ కొండా లక్ష్మణ్ పేర ములుగు గ్రామమున విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. రాజేంద్రనగరమందలి ద్రాక్ష పరిశోధనా స్థానము దాని యధీనమున నున్నది. ఇన్ని పేర్లు మాఱినను పరిశోధకులు తీగను అడుగుచు వచ్చిన ప్రశ్న మాత్రము మాఱలేదు: ఒకే పందిరిపై ఒక కొమ్మ కాయుటకును వేఱొక కొమ్మ గొడ్డుపోవుటకును కారణమేమి?

శీతల దేశములలో ద్రాక్షతీగ చలికాలమున ఆకు రాల్చి నిద్రించును. అచట ఏటికొక్క కత్తిరింపు చాలును. మన దక్కను పీఠభూమిపై తీగకు నిద్ర లేదు. దానిని విడిచిపెట్టినచో ఏడాది పొడుగున అల్లుకొనుచునే యుండును. కనుక మన రైతులు రెండు కత్తిరింపుల పద్ధతి నవలంబించిరి. చైత్రమాసమున, అనగా ఏప్రిల్ నందు, పండు కోసిన పిదప కొమ్మలన్నిటిని మొదట ఒక్క కన్ను మాత్రము నిలిపి కోసివేయుదురు. దానినుండి వచ్చిన కొమ్మలు ముదిరి గోధుమవన్నెకు తిరిగిన తరువాత అక్టోబరులో రెండవమాఱు కోయుదురు. మొదటి కోత కొమ్మకొఱకు, రెండవది కాపుకొఱకు అని అందఱు నెఱుగుదురు. ఈ మాటలో కొంత పొరపాటు కలదు. మొదటి కోతయు కాపుకొఱకే.

ఏలయన, ఏప్రిల్ కోత తరువాత వచ్చిన చిగురు ఎదుగుచుండగా ప్రతి ఆకు మొదటను ఒక కన్ను ఏర్పడును. కోతకు నలువది మొదలు అరువది దినముల మధ్య ఆ కన్నులలోపల అతిసూక్ష్మమైన యొక బుడిపె పుట్టును. ఈ బుడిపె పుట్టినపుడు గుత్తియు కాదు, నులితీగయు కాదు. రెండింటిలో ఏదైనను కాగలదు. 1981లో సిడ్నీ విశ్వవిద్యాలయమునకు చెందిన శ్రీనివాసన్, ముల్లిన్స్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమై జరిగిన పరిశోధనల నన్నిటిని సమీక్షించి వ్రాసిరి. తీగలో సైటోకైనిన్ అను ద్రవ్యము బలముగా నున్న బుడిపె పెక్కుమాఱులు చీలి గుత్తియగును. జిబ్బరెలిన్ అను ద్రవ్యము మించినచో అదియే నులితీగగా సాగిపోవును. రైతు పందిరిపై పట్టుకొమ్మగా చూచు నులితీగయు, సంతకు పంపు గుత్తియు ఒకే తల్లిబిడ్డలన్నమాట. సైటోకైనిన్ ముఖ్యముగా వేళ్లలో తయారగును గనుక, ఆ దినములలో వేరు ఉబ్బనీటిలో ఊపిరాడకయున్నను, పూర్తిగా ఎండినను కాపునకు ముప్పే.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఏప్రిల్ నెలలో బావులయందును బోరులయందును నీరు తక్కువ. తొలకరి పడిన పిదప కోసిన మేలుగదాయని పెక్కురు వేసవి కత్తిరింపును మే నెలాఖరువఱకు వాయిదా వేయుదురు. చిగురు బాగుగనే వచ్చును, పందిరి పచ్చగా కప్పుకొనును, చూచువారు మెచ్చుకొందురు. కాని బుడిపె గుత్తియగునో నులితీగయగునో తేలవలసిన ఆ నలువది అరువది దినములు ఆషాఢ శ్రావణముల మబ్బులలో పడిపోవును. కన్నునకు వెలుతురు చాలక గుత్తులకు మాఱు నులితీగలు పెరుగును. ఏప్రిల్ తొలిపక్షమున కోసిన తోటలో ఆ దినములు మే జూన్ ఎండలలో గడచును. కావున నీరు తక్కువైనచో కత్తిరింపును వెనుకకు జరపుటకంటె, తీగల సంఖ్య తగ్గించి ఉన్న నీటిని వానికే పెట్టుట, పాదులలో ఆకుచెత్తయో చెఱకుపిప్పియో పఱచి తేమ నిలుపుట, చుక్కనీటి గొట్టములు వేయుట మేలు. ఎకరమంతయు ఆలస్యముగా కోయుటకంటె ముప్పది గుంటలు వేళకు కోయుట లాభమని మా అభిప్రాయము.

వెలుతురు సంగతి ఆకాశముతోడనే ముగియదు. పందిరిపై కొమ్మలు క్రిక్కిఱిసియున్నపుడు మండుటెండలోను క్రిందికన్నులకు చీకటియే. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు జెనీవా క్షేత్రమున నెల్సన్ షాలిస్ అను ఆచార్యుడు దట్టమైన తీగగుంపును రెండు తెరలుగా విడదీసి లోపలి ఆకులకు ఎండ తగులునట్లు చేసి, 1966లో ఆ పద్ధతిని ప్రకటించెను. కాపు పెరిగెను, పండు తీపియు పెరిగెను. మన పందిరికి ఆ తెరలు అక్కఱలేదు. తీగకు చిగుళ్లను లెక్కించి నిలుపుట చాలును. కోసిన తరువాత రెండు మూడు వారములలో బలహీనపు చిగుళ్లను, ఒకే మొదట గుంపుగా వచ్చినవానిని చేతితో గిల్లివేయవలెను. సరిపోయినదో లేదో తెలియుటకు యంత్రమేదియు వలదు. మిట్టమధ్యాహ్నము పందిరిక్రింద నిలిచి నేలను చూడుడు. అరచేయియంత వెలుగుమచ్చలు అక్కడక్కడ పడుచుండవలెను. నేలయంతయు ఒకే నీడగా నున్నచో ఇంకను గిల్లవలసియున్నది. ఆ నీడలో మంచము వేసికొని పండుకొనుట సుఖమే. ఆ సుఖమునకు వెల అక్టోబరులో చెల్లింపవలసివచ్చును.

ఈ కాలముననే యూరియాను మితిమీఱి వేయువారు కలరు. చిగురు మూరలకొలది సాగుట చూచి తోట బలపడినదని సంతసింతురు. నత్రజనియు నీరును మిక్కుటమైనపుడు తీగ తన బలమునంతయు పొడవునకే వెచ్చించును. బుడిపెలు నులితీగల వైపు మొగ్గును. కోసిన నలువదవ దినము మొదలుకొని నీటిని కొంత తగ్గించి, నత్రజని నాపి, చిగురు చివరలను గిల్లినచో సాగుబాటు నిలిచి కన్నులు నిండును. విత్తులేని రకములలో కాయ పెద్దదగుటకు చల్లు జిబ్బరెలిక్ ఆమ్లమును ఈ దినములలో తీగదరికి రానీయరాదు. కాయకు మేలు చేసినదే కన్నునకు కీడు చేయును.

అక్టోబరునందు కొమ్మకు ఎన్ని కన్నులు నిలుపవలెనను ప్రశ్నకు ఒక్క అంకె చెప్పుట సాధ్యము కాదు. హైదరాబాదు పేరును దేశమంతట చాటిన అనాబెషాహీ రకమునకు మధ్యరకపు కోత చాలును. థాంసన్ అను విత్తులేని రకమునకు కొమ్మ మొదటనున్న కన్నులు చాలవఱకు గొడ్డువి. దానికి పొడుగుకోత కావలెను. ఈ వ్రాయువాడు తొలిదినములలో ఈ భేదము నెఱుగక, పొరుగువారి అనాబెషాహీ పందిరిని చూచి, తన థాంసన్ తీగలను అట్లే పొట్టిగా కోసెను. ఆ సంవత్సరము పందిరినిండ ఆకులే కాచినవి. పొరుగువారు చేసిన పని తప్పు కాదు. అది ఆ తీగకు తగిన పని.

పరిశోధనా స్థానములలో కన్నును సన్నని కత్తితో చీల్చి సూక్ష్మదర్శినిక్రింద చూచి, ఎన్నవ కణుపున గుత్తి యున్నదో ముందుగనే చెప్పుదురు. ఆ సాధనము లేని రైతు చేయదగిన పరీక్ష యొకటి కలదు. కత్తిరింపునకు నాలుగు వారములు ముందు తోటలో వేఱువేఱు చోట్లనుండి ఇరువది కొమ్మలను కోసి తేవలెను. ఒక్కొక్క కొమ్మను కణుపున కొక ముక్కగా తఱిగి, మొదటి కణుపు ముక్కలన్నియు ఒక వరుసలో, రెండవవి రెండవ వరుసలో, ఇట్లే పండ్రెండు వరుసలుగా తడియిసుకలో గ్రుచ్చి నీడను ఉంచవలెను. చిగుళ్లు కొన్ని ఆకులు వేయునప్పటికి ఆకుల కెదురుగా చిన్న గుత్తియో నులితీగయో కానవచ్చును. ఏ వరుసలో గుత్తులు హెచ్చుగా నున్నవో ఆ కణుపు దాటి ఒకటి రెండు కన్నులు నిలిపి తోటలో కోయవలెను. ఇరువది కొమ్మల నష్టము లెక్కింపదగినది కాదు. గుడ్డిగా కోసినచో పోవునది సంవత్సరపు ఆదాయము.

కోత తేదీయు ముఖ్యమే. సెప్టెంబరులో కోసినచో లేతచిగురు వానలలో చిక్కి బూజుతెగులు పాలగును. నవంబరులో చలి ముదిరిన పిదప కోసినచో కన్నులు ఆలస్యముగా, ఎగుడుదిగుడుగా విచ్చును. అనాబెషాహీ ఈ తెగులునకు మిక్కిలి లోబడునది. దీనికి మందు దొరికిన కథ చిత్రమైనది. ఫ్రాన్సు దేశమున 1882లో బోర్డో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు మిల్లార్దె ఒక త్రోవన పోవుచు, బాటప్రక్క తీగలు మాత్రము తెగులు లేక పచ్చగా నుండుట గమనించెను. బాటసారులు పండ్లు దొంగిలింపకుండుటకై తోటవారు వానిపై మైలుతుత్తము కలిపిన సున్నము చల్లియుండిరి. రసాయన శాస్త్రజ్ఞుడగు గేయోఁతో కలిసి ప్రయోగములు చేసి 1885లో మిల్లార్దె దానిని ప్రకటించెను. దొంగలకొఱకు వేసినది తెగులునకు తగిలినది! ఇక్కడ ప్రయోగశాల చేసినది కొంత, కన్నులు విప్పి నడచుట చేసినది కొంత.

నూటికి ఒకపాలు బోర్డో మిశ్రమమునకు ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో మంచి సున్నము, నూఱు లీటర్ల నీరు కావలెను. ఇనుపపాత్ర పనికిరాదు, మట్టి, కొయ్య, ప్లాస్టిక్ పాత్రలు వాడవలెను. రెండింటిని వేఱువేఱుగా కరగించి, తుత్తపునీటిని సున్నపునీటిలో పోయుచు కలియబెట్టి గుడ్డతో వడియగట్టవలెను. మెఱుగుపెట్టిన ఇనుపకత్తిని కొన్ని నిమిషములు అందు ముంచి చూచినపుడు ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము, మఱికొంత చేర్పవలెను. కలిపిన దినముననే చల్లవలెను. మఱునాటికి నిలువ చేసినది చల్లుట వృథా.

బోరు లోతుకు పోయినకొలది నీటిలో ఉప్పు హెచ్చుట ఇటీవలి తోటలలో మఱియొక బాధ. ఆకుల అంచులు మాడుట దాని గుర్తు. అట్టిచోట తీగను దాని సొంతవేరుపై గాక, అమెరికాలోని టెక్సస్ అడవితీగనుండి వచ్చిన డాగ్‌రిడ్జ్ అను వేరుమూలముపై అంటుకట్టి నాటుట మంచిది. ఉప్పును, నీటియెద్దడిని అది మెఱుగుగా ఓర్చుకొనును.

కడపట ఒక మాట గుత్తుల లెక్కను గూర్చి. మంచి యేలుబడిలో అనాబెషాహీ హెక్టారునకు 40 టన్నులకు పైబడి కాయును. విత్తులేని రకములు అందులో సగము కాచిన చాలును. గుత్తులు విపరీతముగా వచ్చిన యేట అన్నిటిని నిలుపుకొనవలెనను ఆశ కలుగుట సహజము. కాని ఆకులు పోషింపలేనన్ని గుత్తులున్నపుడు పండు ఆలస్యముగా పక్వమై పులుపు విడువదు. కొమ్మలోని నిలువ సారమంతయు కాయకే పోవుటచే ఏప్రిల్ కోత తరువాత చిగురు నీరసముగా వచ్చును, దాని కన్నులు వట్టిపోవును. పూత కాయగా మాఱిన వెంటనే చిన్నగుత్తులను, ఒకదానిపై నొకటి పడినవానిని తీసివేయవలెను. తీసిన గుత్తులను పాదులోనే వేసి మట్టి కప్పక, తోటవెలుపలకు మోయించి పాతిపెట్టింపుడు. వానిపై తెగులు నిలిచియుండుట కలదు.