శరణు కోరినవారి హక్కు

రమజాన్ మాసంలో జకాత్ లెక్కలు వేసే వేళ పిఠాపురం వంటి ఊళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. మన వీధిలోనే పేదలుండగా, ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటున్న రొహింగ్యా శరణార్థులకు మన జకాత్ పంపవచ్చా? ఇది సబబైన ప్రశ్నే. జవాబుకు ముందు వారెవరో తెలుసుకుందాం.

ఎవరు వీరు?

రొహింగ్యాలు బర్మా (మయన్మార్) పశ్చిమ తీరాన ఉన్న అరకాన్ ప్రాంతపు ముస్లిములు. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వారిని పుట్టిన గడ్డమీదే పరాయివారిని చేసింది. 2017 ఆగస్టులో సైన్యం దాడులు మొదలయ్యాక ఏడు లక్షలకు పైగా ప్రజలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే, 2012 ప్రాంతం నుండి, కొన్ని వేలమంది హైదరాబాద్ చేరి బాలాపూర్ పరిసరాల్లో గుడిసెలు వేసుకున్నారు. పాత సామాను ఏరి అమ్మడం, రోజుకూలీ వారి బ్రతుకుతెరువు. హైదరాబాద్‌లోని కోవా అనే స్వచ్ఛంద సంస్థ ఐక్యరాజ్యసమితి శరణార్థుల విభాగంతో కలిసి వారి మధ్య పనిచేసింది. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. కనుక ఆ విభాగం ఇచ్చే కార్డు గుర్తింపు మాత్రమే, ఇక్కడ ఉండే చట్టబద్ధమైన హక్కు కాదు.

మన పెద్దల కథ

బర్మా మన గోదావరి జిల్లాలకు కొత్త పేరు కాదు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవుల నుండి మనవాళ్ళు కూలికోసం రంగూన్ వెళ్ళేవారు. అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే పడింది. 1942లో జపాను సేనలు రంగూన్‌ను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరారు. ఎందరో అరకాన్ కొండదారి పట్టారు. ఆకలితో, కలరాతో దారిలోనే ప్రాణాలు విడిచినవారు అనేకులు. ఇల్లు వదిలి పరుగెత్తడమంటే ఏమిటో మన ప్రాంతం ఎరుగును.

ఇస్లాం చూపిన మార్గం

మక్కాలో హింస భరించలేక తొలి ముస్లిములు హబషా దేశం వెళ్ళారు. వారిని అప్పగించమని ఖురైషులు కానుకలతో రాయబారం పంపారు. క్రైస్తవుడైన నజాషీ రాజు ముందు శరణార్థుల మాట విన్నాడు, తరువాత కానుకలు తిప్పిపంపాడు. శరణు కోరిన బహుదైవారాధకునికి సైతం ఆశ్రయమిచ్చి, క్షేమంగా చేర్చమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (9:6). మదీనాలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, ముహాజిర్ అయిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారు దారి చూపమని మాత్రమే అడిగారు. ఇచ్చేవారి ఔదార్యం, పుచ్చుకునేవారి ఆత్మాభిమానం రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

జకాత్ మాటేమిటి?

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఊరి జకాత్‌పై మొదటి హక్కు ఆ ఊరి పేదలది. కారణం లేకుండా మరోచోటికి పంపడం మక్రూహ్. అయితే అక్కడ మన బంధువులుగానీ, మరింత అవసరంలో ఉన్నవారుగానీ ఉంటే పంపడంలో దోషం లేదు. ఇల్లూ దేశమూ పోయిన నిరుపేద ముస్లిం ఈ కోవలోకే వస్తాడు. కనుక పొరుగింటి వితంతువును మరువకుండా, కొంత భాగం వారికీ పంపవచ్చు.

మూడు విషయాలు గమనించాలి. ఒకటి, జకాత్ సొమ్ము హక్కుదారుని సొంతం కావాలి. గుడిసెల మధ్య బోరు వేయించాలన్నా, పిల్లలకు చదువు చెప్పేవారికి జీతమివ్వాలన్నా సదఖా నుండి ఇవ్వాలి. ముస్లిమేతర శరణార్థికి కూడా సదఖా ఇవ్వవచ్చు, అదీ పుణ్యమే. రెండు, లెక్క చూపే సంస్థ ద్వారానే పంపాలి. మూడు, జాలిపడి దొంగ ఆధార్ వంటివి ఇప్పించరాదు. అది అబద్ధం, నేరం కూడా. రేపు జైలుకు వెళ్ళేది ఆ నిస్సహాయుడే.

ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసి వారి పేదరికాన్ని ఊరంతా చూపకండి. ఎత్తిపొడుపులు, మనస్తాపం కలిగించే మాటలు దానాన్ని వృథా చేస్తాయని ఖుర్ఆన్ హెచ్చరించింది (2:264).

అల్లాహ్ మనకు అన్సార్ల మనసును ప్రసాదించుగాక! ఇల్లు కోల్పోయిన ప్రతివారికీ నీడనిచ్చుగాక! ఆమీన్.