మబ్బును చూసి వాన చెప్పవచ్చా?

చంద్రుని చుట్టూ వరదగుడి కడితే వాన వస్తుందని మన పల్లెల్లో పెద్దలంటారు. ఎత్తైన పలుచని మేఘాల్లోని మంచు స్ఫటికాల గుండా వెన్నెల వంగినప్పుడు ఆ వలయం కనిపిస్తుంది. అలాంటి మేఘాలు తరచూ వాన మబ్బుల కంటే ముందు వస్తాయి. ఇది అనుభవంతో వేసిన అంచనా. ఇందులో దోషం లేదు.

మరి దోషం ఎక్కడుంది? హుదైబియా వద్ద ఒక రాత్రి వాన కురిసింది. ఫజ్ర్ నమాజు తర్వాత దైవప్రవక్త (సఅసం) సహచరులకు ఒక విషయం బోధించారు. వాన అల్లాహ్ అనుగ్రహమన్నవాడు విశ్వాసి; ఫలానా నక్షత్రం కురిపించిందన్నవాడు అల్లాహ్‌ను తిరస్కరించినవాడు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అంటే గుర్తు వేరు, ఇచ్చేవాడు వేరు.

ఆద్ జాతివారు మబ్బును చూసి వాన అనుకుని సంబరపడ్డారు. వచ్చింది శిక్షగా పెనుగాలి! అందుకే మబ్బు కమ్మితే దైవప్రవక్త (సఅసం) ముఖంలో ఆందోళన కనిపించేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

సోదరులారా! తుఫాను హెచ్చరిక విన్నాక కూడా పడవను సముద్రంలోకి తోయడం తవక్కుల్ కాదు. ముందు జాగ్రత్త పడండి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయండి. రేపటి వాన గురించి చెప్పేటప్పుడు 'ఇన్‌షాఅల్లాహ్' అనడం మరువకండి.